సూది సరే, మరి నిప్పు?

ఆక్యుపంక్చర్ అనగానే మనందరికీ గుర్తొచ్చేది సూదులు. వీపు నిండా సూదులు గుచ్చించుకుని ముళ్ళపందిలా బోర్లా పడుకున్న మనిషి బొమ్మ. కానీ చైనావాళ్ళు ఆ వైద్యానికి పెట్టుకున్న పేరులో సూది సగమే. వాళ్ళు దాన్ని "జెన్‌జియూ" అంటారు. జెన్ అంటే సూది. జియూ అంటే ఎండిన ఆకు కాల్చి ఒంటికి వేడి పెట్టడం. రెండూ కలిస్తేనే ఒక వైద్యం. 2010లో యునెస్కో దీన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా రెండిటినీ కలిపే చేర్చింది. బయటి ప్రపంచం మాత్రం సూదిని గుర్తు పెట్టుకుని నిప్పుని మర్చిపోయింది.

ఇప్పుడు ఆ నిప్పు కూడా ఆన్‌లైన్లో దొరుకుతోంది. అది కొనుక్కుని ఇంట్లో వెలిగించుకోవచ్చా అన్న ప్రశ్న మా అమ్మ ద్వారా నా మెడకి చుట్టుకుంది. ఆ కథ కాసేపట్లో చెప్తాను. ముందు అసలు ఆ నిప్పు సంగతేంటో చూద్దాం.

ఆ ఆకు పేరు చైనాలో "ఐ". ఆర్టెమీసియా జాతి మొక్క. మనకేం కొత్త కాదండోయ్. వినాయక చవితి పూజలో 21 పత్రాల్లో మొదట వేసే మాచిపత్రి ఉంది చూశారూ, దానికి దాయాది. పూల దండల్లో కట్టే దవనం కూడా ఈ జాతే. మనం పండక్కి గుమ్మానికి మామిడాకులు కట్టినట్టు, వాళ్ళు అయిదో నెల అయిదో రోజున వచ్చే పడవల పండక్కి ఈ కొమ్మల్ని గుమ్మానికి కడతారు.

ఆకుల్ని ఎండబెట్టి, దంచి, జల్లిస్తే ఈనెలూ పొడీ పోయి దూదిలాంటి నూగు మిగులుతుంది. జపాన్ వాళ్ళు దాన్ని మోగుసా అన్నారు. ఐరోపా వాళ్ళ నోట్లో అది మోక్సా అయింది. ఆ నూగుని కాగితంలో చుట్టి లావుపాటి చుట్టలా చేస్తారు. వెలిగించిన చుట్టని చర్మానికి తగలకుండా పైన ఆడించడం ఒక పద్ధతి. అల్లం ముక్క మీదో వెల్లుల్లి ముక్క మీదో చిన్న కుప్ప పెట్టి కాల్చడం ఇంకో పద్ధతి. నేరుగా చర్మం మీదే కాల్చి మచ్చ పడేలా చేసే మొరటు పద్ధతి కూడా ఒకటుంది. నేను చూసింది ఇవేవీ కాదు. సూదితో కలిపి చేసేది. "వెన్ జెన్", అంటే వెచ్చటి సూది.

ప్రాజెక్టు పని మీద కొన్ని నెలలు షాంఘైలో ఉన్నాను. పుడోంగ్ వైపు జాంగ్‌జియాంగ్ హైటెక్ పార్కులో ఆఫీసు. రోజుకి పది పన్నెండు గంటలు కుర్చీలో ఉంటే ఏమవుతుందో ఇది చదివే మీకు వేరే చెప్పక్కర్లేదు. నడుం పట్టేసింది. వంగి బూటు లేసు కట్టుకోవడం కూడా ఒక మైల్‌స్టోన్ అయిపోయింది. మా టీమ్‌లో టెస్టింగ్ చేసే అమ్మాయి వాళ్ళమ్మ వెళ్ళే క్లినిక్‌కి తీసుకెళ్ళింది. నాకు చైనీస్ రాదు, డాక్టరుగారికి ఇంగ్లీషు రాదు, ఆ అమ్మాయే మధ్యలో ఇంటర్‌ఫేసు.

డాక్టరుగారు అరవై దాటిన ఆవిడ. బోర్లా పడుకోబెట్టి నడుం దగ్గర నాలుగు సూదులు, మోకాళ్ళ వెనక రెండు పెట్టారు. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టే, ఆ తర్వాత లోపల ఏదో బరువుగా లాగినట్టు ఉంటుంది. అలా అనిపించిందా లేదా అని అడిగి, అవుననిపించుకున్నాకే వదులుతారు. తర్వాత నడుం సూదుల పిడులకి రెండు సెంటీమీటర్ల మోక్సా ముక్కలు గుచ్చి, బూడిద రాలితే కాలకుండా కింద అట్టముక్కలు పెట్టి, అంటించారు. వేడి పైనుంచి చర్మానికి తగులుతుంది. కొంత సూది వెంట లోపలికి దిగుతుందని వాళ్ళ లెక్క.

వెంటనే నాకు అర్థమైన ఒకే ఒక్క చైనీస్ మాట మొదలైంది. "థాంగ్ మా?" అంటే కాలుతోందా అని. రెండు నిమిషాలకోసారి. అటు పక్క మంచం దగ్గరికి వెళ్ళొచ్చి మళ్ళీ "థాంగ్ మా?" లేదు అంటే వెళ్ళిపోతారు. కొంచెం అంటే ఇంకో అట్టముక్క దూరుస్తారు. ఒకసారి నేను నిద్రలోకి జారుకుంటే భుజం తట్టి లేపి మరీ అడిగారు. ఫీజు కట్టినవాడిని నిద్ర కూడా పోనివ్వరా అనుకున్నాను. ఈ "థాంగ్ మా" గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది.

బయటికొచ్చేసరికి చొక్కా అంతా ఎండుగడ్డి తగలబెట్టిన వాసన. మా రూమ్మేట్ ఒకసారి ముక్కు ఎగబీల్చి, "ఒరేయ్, ఈ దేశంలో గంజాయితో దొరికితే ఏం చేస్తారో తెలుసా?" అన్నాడు :)

నొప్పి తగ్గిందా అంటే, తగ్గింది. మూడు రోజులు హాయిగా ఉంది. ఆరుసార్లు వెళ్ళాను. కానీ అదే నెలలో మానిటర్ ఎత్తు పెంచాను, గంటకోసారి లేచి నడవడం మొదలుపెట్టాను. ఒకే రిలీజ్‌లో ముగ్గురు మూడు మార్పులు పెట్టి, బగ్ పోయాక "నా మార్పు వల్లే" అని ముగ్గురూ చెప్పుకున్నట్టుంటుంది ఇది. సూది వల్లా? వేడి వల్లా? ముప్పావుగంట ఫోన్ లేకుండా కదలకుండా పడుకోవడం వల్లా? నా ఒక్కడి నడుం ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేదు.

పెద్ద పరీక్షలు కొంతవరకు చెప్తాయి. 2007లో జర్మనీలో నడుం నొప్పి ఉన్న 1162 మందిని మూడు గుంపులు చేశారు. సరైన చోట సూదులు పెట్టినవాళ్ళలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. సంబంధం లేని చోట పైపైన గుచ్చినవాళ్ళలో 44.2 శాతం. మందులు, వ్యాయామం లాంటి మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళలో 27.4 శాతం. సూది వైపు వాదించేవాళ్ళు మొదటి అంకెనీ మూడో అంకెనీ చూపిస్తారు. ఎదుటివాళ్ళు మొదటి రెండూ చూపిస్తారు. రెండూ నిజమే. ఏదో మేలు జరుగుతోంది, కానీ అది ఆ పాయింట్ల మహిమ అని చెప్పడానికి ఆధారం పలుచన.

ఇక నిప్పు దగ్గరికొద్దాం. చదివేకొద్దీ నాకు ఆశ్చర్యమేసింది ఏంటంటే, రాతల్లో సూది కంటే నిప్పే ముందు కనిపిస్తుంది. చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో క్రీ.పూ. 168 నాటి సమాధి ఒకటి 1973లో తవ్వితే పట్టుబట్ట మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. వాటిలో ఒంట్లోని 11 నాడీ మార్గాల వర్ణన ఉంది, వాటి మీద వేడి పెట్టడం ఉంది. సూది ఊసు లేదు! ఆ తర్వాత ఎనిమిదో శతాబ్దంలో, 752లో, వాంగ్ తావ్ అనే ఆయన పెద్ద వైద్య సంకలనం చేస్తూ సూది ప్రమాదకరమని పక్కనపెట్టి నిప్పు పద్ధతులే రాశాడు. సూది గుచ్చితే మనిషి పోవచ్చు, నిప్పు పెడితే మహా అయితే మచ్చ పడుతుంది అన్న ధోరణి అది.

నాలుగో శతాబ్దంలో క్వాంగ్‌చౌలో బావ్ గూ అనే ఆవిడ మోక్సా వైద్యంలో పేరు తెచ్చుకుంది. ఆవిడ భర్త గ హొంగ్ రాసిన పుస్తకంలోని మలేరియా చిట్కానే పదహారు వందల ఏళ్ళ తర్వాత తూ యోయో చేతిలో పడి ఆర్టెమిసినిన్ అయింది, 2015లో నోబెల్ తెచ్చింది. భర్తదీ భార్యదీ ఒకే జాతి ఆకు. ఆయన నీళ్ళలో నానబెట్టమన్నాడు, ఆవిడ కాల్చింది. పరీక్షకి నిలబడి మందుబిళ్ళగా మారింది మాత్రం ఆయన ఆకు.

తర్వాత 1822లో చింగ్ చక్రవర్తి దావ్‌గువాంగ్ రాజవైద్యశాలలో ఈ విభాగాన్నే ఎత్తేశాడు. ప్రభువుల ఒంటి మీద సూది గుచ్చడం, నిప్పు పెట్టడం మర్యాద కాదట. కోటలో పోయింది కానీ ఇళ్ళలో పోలేదు. సూదికి చదువుకున్న చెయ్యి కావాలి. నిప్పుకి ఆకు, అగ్గిపుల్ల, పక్కన కూర్చునే ఓ మనిషి ఉంటే చాలు. జపాన్‌లో 1689లో దేశాటనకి బయల్దేరిన కవి బషో కూడా ముందుగా మోకాళ్ళ కింద మోక్సా కాల్పించుకున్నానని రాసుకున్నాడు. నడక బలానికి.

ఇక మర్చిపోవడం సంగతి. 1971లో న్యూయార్క్ టైమ్స్ విలేఖరి జేమ్స్ రెస్టన్‌కి పెకింగ్‌లో అపెండిసైటిస్ వచ్చింది. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే జరిగింది. తర్వాత పొట్ట ఉబ్బరానికి సూదులు పెట్టారు. ఆయన రాసిన వ్యాసంలో సూదులతో పాటు, పొట్ట దగ్గర పట్టుకున్న, చౌకరకం చుట్ట పీకల్లా పొగలు కక్కిన రెండు ఆకు ముక్కల సంగతి కూడా ఉంది. వ్యాసం చదివి అమెరికా అంతా సూదుల వెంట పడింది. ఆ చుట్ట పీకల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఒకందుకు ఆశ్చర్యం లేదు. సూది శుభ్రంగా ఉంటుంది, వాసన రాదు, పొగ అలారం మోగదు.

మరి నిప్పుకి విడిగా పరీక్షలు లేవా? ఉన్నాయి. అన్నిటికంటే పేరున్నది కడుపులో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నప్పుడు చేసేది. కాలి చిటికెనవేలి గోరు పక్కన మోక్సాతో వేడి పెడతారు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన పరీక్షలో, జియాంగ్‌షీ రాష్ట్రంలో 260 మంది తొలిచూలు గర్భిణుల్ని రెండు గుంపులు చేశారు. 35వ వారానికి మోక్సా గుంపులో 130కి 98 మంది బిడ్డలు తల కిందికి తిరిగారు. మామూలు గుంపులో 130కి 62 మంది. బ్రహ్మాండమే. అదే పరిశోధకుడు ఇటలీలో మళ్ళీ మొదలుపెడితే, చికిత్స సరిగ్గా కొనసాగించనివాళ్ళు ఎక్కువై 123 మందితోనే ఆపేయాల్సొచ్చింది. 2005లో ఆ ఫలితాలు వచ్చాయి, రెండు గుంపులకీ తేడా లేదు. అన్నిటినీ కలిపి చూసిన 2023 కోక్రేన్ సమీక్ష, మామూలు వైద్యంతో పాటు మోక్సా చేస్తే బహుశా కొంత మేలు ఉండొచ్చు అంది. "బహుశా", "మామూలు వైద్యంతో పాటు". ఈ రెండు ముక్కలూ ప్రకటనల్లో కనపడవు.

మోకాళ్ళ అరుగుదలకి కొరియాలో 212 మంది మీద చేసిన పరీక్ష 2014లో వచ్చింది. మోక్సా తీసుకున్నవాళ్ళకి నొప్పి ఎక్కువ తగ్గింది. కానీ ఎవరికి ఏ చికిత్స అందిందో అందరికీ తెలుసు. పొగనీ వేడినీ దాచిపెట్టి ఉత్తుత్తి చికిత్స చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. సూదికైనా లోపలికి ముడుచుకుపోయే దొంగసూది ఉంది. నిప్పుకి దొంగనిప్పు చేయడం అంత తేలిక కాదు.

ఇప్పుడు మా అమ్మ సంగతి.

గుంటూరులో అమ్మకి ఫోన్ చేసి నడుం తగ్గిందనీ, ఆకు కాల్చి వైద్యం చేశారనీ కబుర్లలో చెప్పాను. నాలుగు రోజులకి ఆవిడే ఫోన్ చేసింది. "నాన్నా, ఆ పొగ చుట్టలు పక్క ఫ్లాట్ పిన్నిగారు కూడా తెప్పించుకున్నారురా. మోకాళ్ళకి పెట్టుకుంటున్నారట. నువ్వు వచ్చేటప్పుడు అసలువి ఓ డబ్బా పట్రా. మీ నాన్న పెడతారులే."

అమ్మకి అరవై ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగాయి. పన్నెండేళ్ళుగా సుగర్. ఈ మధ్య కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని చెప్తోంది, వయసు అనుకుంటోంది. ఆ ఫోన్లోనే నవ్వుతూ ఇంకో మాట చెప్పింది. గుడి నుంచి వస్తుంటే ఒక కాలి చెప్పు ఊడిపోయిందట. ఒంటి చెప్పుతో చాలా దూరం నడిచాక పక్కావిడ చూసి చెప్తే గానీ తెలియలేదట. "మతిమరుపు వచ్చేసిందిరా" అంది.

అది మతిమరుపు కాదు. చెప్పు ఊడిన సంగతి తెలియాల్సింది మతికి కాదు, పాదానికి.

మనిషి చర్మానికి సుమారు 43 డిగ్రీల దగ్గర వేడి నొప్పిగా మారుతుంది. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు కొలిచి పెట్టిన లెక్క ప్రకారం 44 డిగ్రీల దగ్గర చర్మం కాలిపోవడానికి ఆరు గంటలు పడుతుంది. 60 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్లు చాలు. అంటే చర్మం పాడయ్యేలోపే నొప్పి అనే అలారం మోగుతుంది, చెయ్యో కాలో వెనక్కి లాక్కుంటాం. మోక్సా వైద్యం మొత్తం ఈ అలారం మీదే నడుస్తుంది. థర్మామీటరు లేదు, టైమర్ లేదు. ఉన్నదల్లా "థాంగ్ మా?" అనే ప్రశ్న, దానికి రోగి చెప్పే జవాబు. షాంఘైలో ఆవిడ నన్ను నిద్ర లేపింది మర్యాద కోసం కాదు. ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క సెన్సర్ నేనే. నేను నిద్రపోతే సిస్టమ్ గుడ్డిది.

సుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న కాలికి ఆ అలారం తీగ తెగిపోయి ఉంటుంది. కాలుతోందా అంటే "లేదండీ, బానే ఉంది" అంటుంది. నిజంగానే బానే ఉన్నట్టుంటుంది. తెల్లారాక బొబ్బ కనపడుతుంది. సుగర్ ఉన్నవాళ్ళకి పాదం మీద పుండు పడితే మానడం ఎంత కష్టమో, ఎక్కడిదాకా వెళ్ళొచ్చో మన ఇళ్ళలో చాలామందికి తెలుసు.

ఇదంతా అమ్మకి చెప్పాను. ఊరుకుంటుందా? "నువ్వు చేయించుకోవచ్చు, నేను చేయించుకోకూడదా? మీ మావయ్యకి చిన్నప్పుడు పచ్చకామెర్లొస్తే మా నాయనమ్మ వాతలు పెట్టించబట్టే బతికాడు" అంది.

రెండో ముక్క ముందు చూద్దాం. నిప్పు వైద్యం మనకీ కొత్త కాదు. సుశ్రుత సంహితలో అగ్నికర్మకి ఒక అధ్యాయమే ఉంది. ఊళ్ళల్లో కామెర్లకి, మూర్ఛకి పసిపిల్లలకి వాతలు పెట్టిన మచ్చలు మావయ్య పొట్ట మీదే కాదు, మీ ఇంట్లోనూ ఎవరో ఒకరికి ఉండే ఉంటాయి. పసిపిల్లల కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. తగ్గినవాళ్ళు మచ్చ చూపించి కథ చెప్తారు. తగ్గనివాళ్ళకి చెప్పే అవకాశం లేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని సామెత చేసుకున్న జాతి మనది, వాతకి ఇంత విలువ ఇవ్వకూడదు.

మొదటి ముక్కకే నాకు జవాబు వెతుక్కోవాల్సొచ్చింది. నేను చేయించుకుని ఆవిణ్ణి వద్దంటే, చదువుకున్న కొడుకు తల్లిని తీసిపారేసినట్టే ఉంటుంది మరి. చివరికి ఇలా చెప్పాను. "అమ్మా, ఇది నమ్మకం సంగతి కాదు. ఒక్క పరీక్ష చేయించుకో. నీ కాళ్ళకి స్పర్శ సరిగ్గా ఉందని డాక్టరుగారు చెప్తే డబ్బా నేనే తెస్తా. నేనే పక్కన కూర్చుని పెడతా."

పరీక్ష ఏమంత పెద్దది కాదు. నైలాన్ దారం ముక్కలాంటిది, వంగేసరికి సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడుతుంది. కళ్ళు మూసుకోమని పాదం మీద అక్కడక్కడా దానితో తాకి, తెలిసినప్పుడల్లా చెప్పమంటారు. నాన్న తీసుకెళ్ళారు. కుడికాలికి నాలుగు చోట్ల తెలియలేదు. నాన్న పక్కనుండి దారం వంగడం చూస్తున్నారట, అమ్మ కళ్ళు మూసుకుని ఇంకా మొదలుపెట్టలేదనుకుంటోందట. ఆ మాట ఫోన్లో చెప్తున్నప్పుడు నాన్న గొంతు మామూలుగా లేదు.

డాక్టరుగారు మోక్సా పేరు వినలేదు కానీ, వేడినీళ్ళ కాపడం కూడా వద్దన్నారు. రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోమన్నారు. మోకాళ్ళకి కుర్చీలో కూర్చుని కాలు చాపి నిలిపే వ్యాయామం, కొంచెం బరువు తగ్గడం, ఇంట్లో కూడా చెప్పులు. నేను తిరిగొచ్చేటప్పుడు డబ్బా బదులు మెత్తటి బూట్లు తెచ్చాను. "చైనా దాకా వెళ్ళి తెచ్చింది ఇదా" అంది. వాకింగ్‌కి అవే వేసుకుంటోంది. మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరూ మాటివ్వలేదు కూడా.

మోక్సా మంచిదా కాదా అని నన్నడిగితే, ఒంట్లో స్పర్శ సరిగ్గా ఉండి, చేసేవాళ్ళకి పని తెలిసి, గదిలో పొగ పోయే దారి ఉండి, అసలు వైద్యం మానకుండా దీన్ని తోడుగా పెట్టుకుంటే, నడుం నొప్పికి హాయినిచ్చే సంగతే. నేను మళ్ళీ షాంఘై వెళ్తే మళ్ళీ పడుకుంటాను. కానీ సుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళకి ఇంట్లో ఎవరో ఒకరు వెలిగించి పెట్టడం మాత్రం వేరే సంగతి.

మనలో చాలామంది ఇంటికి దూరంగా ఉన్నాం. అమ్మానాన్నలు వాట్సాప్‌లో వచ్చిందల్లా మనకి పంపి "ఇది పనిచేస్తుందా?" అని అడుగుతారు. వీడియో చూసి అవుననో కాదనో చెప్పేస్తాం. ఈసారి అడిగితే వైద్యం గురించి తర్వాత చెప్పండి. ముందు సుగర్ ఎన్నేళ్ళుగా ఉందో, కాళ్ళకి స్పర్శ పరీక్ష ఎప్పుడు చేయించారో అడగండి. చెప్పులు గానీ జారిపోతున్నాయేమో అడగండి. ఆ పరీక్షకి పట్టేది అయిదు నిమిషాలు.